సన్నటి ఫోను మన షెడ్డుకు పనికొస్తుందా?



ఈసారి ఆకు గురించో ఊజి ఈగ గురించో కాదు, జేబులో ఉండే ఫోను గురించి రాస్తున్నాం. గూళ్ల డబ్బు చేతికి రాగానే మనలో చాలామంది ఫోను మారుస్తారు. నెల తిరక్కుండానే "పాతదే బాగుండె" అంటారు. ఎక్కువ డబ్బు పెట్టి కొన్నది ఎందుకు నచ్చడం లేదు? మా అభిప్రాయం ఒకటే: కొత్తగా ఏం పెట్టారో చెప్తారు, దానికోసం ఏం తీసేశారో చెప్పరు.

మనకు ఈ లెక్క కొత్త కాదు. బైవోల్టిన్ మేపితే దారం బాగుంటుంది, రేటూ ఎక్కువ. కానీ పురుగు సున్నితం, వేడి తేమ తేడా వస్తే తట్టుకోదు. కోలార్ గోల్డ్ లాంటి సంకర జాతి గట్టిది, రేటు తక్కువ. రెండూ తెలుసుకునే గుడ్లు తెచ్చుకుంటాం. గుడ్లు ఇచ్చేవాళ్లు లాభం చెప్పి సున్నితం సంగతి దాచిపెడితే ఊరుకుంటామా? ఫోన్ల అంగట్లో మాత్రం ఊరుకుంటున్నాం.

2025లో వచ్చిన ఫోన్లే చూడండి. మే నెలలో శాంసంగ్ గెలాక్సీ ఎస్25 ఎడ్జ్ వచ్చింది. మందం 5.8 మిల్లీమీటర్లు. అంతే సైజు తెర ఉన్న ఎస్25 ప్లస్ మందం 7.3. ఆ 1.5 మిల్లీమీటర్ల కోసం బ్యాటరీ 4,900 ఎంఏహెచ్ నుంచి 3,900కు తగ్గింది. దూరంగా ఉన్నదాన్ని దగ్గరగా తీసే కెమెరా పోయింది. ధర తగ్గిందా? ప్లస్ రూ.99,999కి వస్తే, ఎడ్జ్ రూ.1,09,999కి వచ్చింది. సెప్టెంబరులో వచ్చిన ఐఫోన్ ఎయిర్ ఇంకా సన్నం, 5.6 మిల్లీమీటర్లు. దాంట్లో వెనక ఒకే కెమెరా, ఒకే స్పీకరు. సిమ్ కార్డు పెట్టే చోటే లేదు, ఈసిమ్ మాత్రమే.

లక్ష రూపాయల ఫోను మనం కొనం, నిజమే. కానీ పైన మొదలైన ఫ్యాషన్ కింది ధరలకు దిగుతుంది. 2014 నాటి గెలాక్సీ ఎస్5లో బ్యాటరీ చేత్తో తీసి మార్చుకోవచ్చు, మెమరీ కార్డు పెట్టుకోవచ్చు, నీళ్లు పడినా తట్టుకునేది. 2015లో వచ్చిన ఎస్6లో ఆ మూడూ లేవు. 2016లో ఐఫోన్ 7 ఇయర్‌ఫోన్ రంధ్రం తీసేసింది. ఇప్పుడు పదిహేను, ఇరవై వేల ఫోన్లలోనూ వీటిలో కొన్ని ఒక్కొక్కటిగా పోతున్నాయి.

వెనక అతికించి మూసేస్తే నీళ్లు, దుమ్ము లోపలికి పోవని కంపెనీలు అంటాయి. అది మంచిదే. సున్నం దుమ్ములో తిరిగే మనకు మరీ మంచిది. కానీ దానికోసం బ్యాటరీ మార్చుకునే వీలు పోవాల్సిందేనా? 2024లో మన దేశంలోకి వచ్చిన గెలాక్సీ ఎక్స్‌కవర్7లో బ్యాటరీ ఊడుతుంది, దుమ్ము నీళ్లకు ఐపీ68 రక్షణా ఉంది. అంటే చేయలేక కాదు. సన్నగా ఉంటే అంగట్లో చూపు లాగుతుందని అలా చేస్తున్నారనిపిస్తుంది.

మన పని వేరు. నాలుగో జ్వరం లేచాక రాత్రీ పగలూ షెడ్డులోనే ఉంటాం. చేతికి ఆకు పాలు, సున్నం ఉంటే వేలిముద్ర పడదు. రేకుల కింద సిగ్నల్ సరిగా అందకపోతే, టవరు కోసం వెతికి వెతికి ఫోను బ్యాటరీని తినేస్తుంది. శిడ్లఘట్టకో రామనగరానికో హోసూరుకో గూళ్లు తీసుకుపోయిన రోజు ఫోను ఆగిపోతే బ్యాంకు మెసేజీ లేదు, ఇంటికి మాటా లేదు. సరిహద్దు ఊళ్లలో ఇద్దరు కంపెనీల సిమ్‌లు లేనిదే జరగదు. కొన్ని ఫోన్లలో రెండో సిమ్ పెడితే మెమరీ కార్డుకు చోటుండదు.

అందుకే కొనే ముందు అంగడివాళ్లను ఇవి అడగండి:

1. బ్యాటరీ ఎంత? పాతబడితే మా తాలూకాలో మార్చేవాళ్లున్నారా, ఎంతవుతుంది?
2. రెండు సిమ్‌లు, మెమరీ కార్డు మూడూ ఒకేసారి పడతాయా?
3. దుమ్ము, నీళ్లకు ఏ రక్షణ ఉంది? డబ్బా మీద రాశారా?
4. తెర పగిలితే ఖర్చెంత? అంచు వంపు తిరిగిన తెరకు మామూలు గ్లాసు సరిగా అతుక్కోదు.
5. దీనికి ముందు మోడల్‌లో ఉండి, దీంట్లో లేనివి ఏవి?

అయిదో ప్రశ్న అన్నిటికంటే ముఖ్యం. దానికి జవాబు చెప్పలేకపోతే తొందరపడొద్దు, ఇంకో అంగడి చూడండి.

ఇంకో మాట. కొత్త ఫోను కొన్నవాళ్లు కొన్న రోజు ఫొటో పెట్టడం కాదు, ఒక పంట పూర్తిగా మేపాక అది షెడ్డులో ఎలా పనిచేసిందో గ్రూపులో రెండు మాటలు పెట్టండి. రాయడం కష్టమైతే వాయిస్ పంపినా చాలు. ఏ జాతి గుడ్లు ఎట్లా పండాయో ఒకరికొకరం చెప్పుకుంటున్నాం కదా, ఇదీ అట్లే చెప్పుకుందాం.