వాద్యబృందములు బాణీ మార్చుట నేరమా?

"మెటల్" అను పేరుగల సంగీతమును మన పెద్దలలో పెక్కుమంది పిడుగుపాటుగా నెంతురు. విద్యుత్తుచే మ్రోగు గిటారుల నాదమును కోరియే బొంగురుపరచి, డ్రమ్ములను ఉధృతముగా వాయించి, గొంతు చించుకొని పాడుట దాని లక్షణము. అది చెవి కింపగునో కాదో యిచ్చట విచారింపబోను. దానిని ప్రేమించువారిలో ఎడతెగక సాగు నొక వివాదమును గూర్చి మాత్రము నాలుగు మాటలు వ్రాయదలంచితిని. మన పై తరగతుల విద్యార్థులలోను అట్టి ప్రేమికులు లేకపోలేదు. ఒక బృందము తన తొలి ఆల్బములలోని ధ్వనిని విడిచి వేరొక ధ్వనిని చేపట్టినచో అది యెదుగుదలయా, ద్రోహమా? ఇదియే ఆ వివాదము. "పాత యొక రోత, క్రొత్త యొక వింత" యను మన సామెత వీరియెడ తలక్రిందులైనది. వీరికి క్రొత్తయే రోత.

ఈ వాదమున మొదట బోను నెక్కువారు 1981లో లాస్ ఏంజెలిస్ నగరమున నేర్పడిన మెటాలికా బృందమువారు. 1983లో వెలువడిన వారి మొదటి ఆల్బము ఆద్యంతము వేగమే. మరుసటి యేటి రెండవ ఆల్బములో "ఫేడ్ టు బ్లాక్" అను పాట సాదా గిటారుపై నెమ్మదిగా మొదలగును. అంతమాత్రమునకే కొందరు అభిమానులు వీరు చెడిపోయిరని కేకలు వేసిరి. నేడో, ఆ 1984 నాటి ఆల్బమునే స్వర్ణయుగమునకు సాక్ష్యముగా చూపి, తరువాతి వానిని నిందించుచున్నారు. ద్రోహమను మాట యెంత తొందరపాటుతో పుట్టునో తెలియుటకు ఇంతకన్న నిదర్శన మేల?

1988 నాటి ఆల్బములో తొమ్మిది పాటలు సుమారు 65 నిమిషములు సాగును. 1991లో బాబ్ రాక్ అను నిర్మాతతో కూడి చేసిన దానిలో పండ్రెండు పాటలు 62 నిమిషములలో ముగియును. పాటలు కురుచలాయెను, లయ నెమ్మదించెను, ధ్వని బలిసెను. అమెరికాలోనే కోటిన్నరకు మించిన ప్రతు లమ్ముడుపోయెను. ధనాశచే అమ్ముడుపోయి రనువారి కిదియే ప్రమాణము. ధనము వచ్చినది గావున ధనమునకే చేసిరనుట తర్కమా? ఆ దీర్ఘగీతములను సభలలో వాయించి వాయించి విసిగితిమని వారే చెప్పియున్నారు. ఒక మార్గమున పోగలిగినంత దూరము పోయినవాడు మలుపు తిరుగుట సహజమే యని నా యభిప్రాయము.

అట్లని మార్పు లన్నియు మంచివని నే ననను. 2003 నాటి "సెయింట్ యాంగర్" ఆల్బములో గిటారు ఏకవాదనములు లేవు. డ్రమ్ము ఖాళీ డబ్బాను కొట్టినట్లు మ్రోగును. ఒక్కొక్క పాట చెప్పినదే చెప్పుచు అవసరమును మించి సాగును. ఇది చెడ్డదే. అయితే మారినందుకు గాక, విన్నప్పుడు విసుగు పుట్టించుటవలననే చెడ్డది. 2008లో వారు మరల పాత పోకడకు వచ్చిరి. అప్పుడును ఫిర్యాదు తప్పలేదు గాని, ఆ ఫిర్యాదు న్యాయమైనది. ఎత్తుపల్లములు లేక సర్వమును ఒకే పెద్ద మ్రోతగా నణచి అచ్చువేసిరనియు, "గిటార్ హీరో" అను ఆటలో చేర్చిన ప్రతియే మేలుగా వినబడుచున్నదనియు వేలకొలది శ్రోతలు వ్రాసికొనిరి. అది చెవితో చేసిన విమర్శ. తక్కిన వానిలో అధికభాగము చెవితో గాక పంతముతో చేసినవి.

వీరు వేదముగా నెంచు "అసలు ధ్వని" తానెట్లు పుట్టినదో చూడుడు. ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్ నగరమున టోనీ అయోమీ అను పదునేడేండ్ల కుర్రవాడు రేకుల కర్మాగారములో పనిచేయుచు, కుడిచేతి రెండు వ్రేళ్ల కొనలను యంత్రమున పోగొట్టుకొనెను. ఎడమచేతి వాటమువాడగుటచే గిటారు తీగల నదుముట కా చేయియే యాధారము. ప్లాస్టికు సీసాను కరగించి వ్రేలితొడుగులు చేసికొని, సన్నని తీగలు కట్టి, అతడు వాద్యమును విడువకయే యుండెను. ఆయన బృందమగు బ్లాక్ సబ్బాత్ తొలి ఆల్బము 1970లో వచ్చెను. 1971 నాటి మూడవ ఆల్బములో గొన్ని పాటలకు శ్రుతిని మూడు అర్ధస్వరముల మేర దించిరి. తీగలు వదులగుటచే ఆ వ్రేళ్లకు సుఖము, నాదమునకు గాంభీర్యము కలిగినవి. నేడు మెటల్ సంగీతమునకు పునాదియని చెప్పబడు ఆ బరువైన ధ్వని, ఆ బృందమువారి తొలి ధ్వనినుండి ఒక మార్పే! నాడు వారిని "మొదటి శ్రుతిలోనే యుండుడు" అని యెవరైన నిర్బంధించియుండిన నేటి వాదులకు వాదించుట కేమి మిగిలియుండెడిది?

స్వీడను దేశపు ఓపెత్ బృందము మరియొక తీరు. 2011లో వారు గర్జనస్వరమును పూర్తిగా మానివేసిరి. పదుమూడేండ్లు అభిమానులు సణిగిరి. 2024లో గర్జన తిరిగి వచ్చినప్పుడు గెలుపు తమదేయని సంబరపడిరి. ఆ క్రొత్త ఆల్బమును శ్రద్ధగా విన్నచో, నడుమ పదుమూడేండ్లలో అలవరచుకొనిన పోకడ లన్నియు అందే కలవు. వేణునాదము సైతము కలదు. పోయినవాడు పోయినట్లే తిరిగి రాలేదు.

మోటర్‌హెడ్ బృందము 1975 మొదలు 2015 వరకు ఇంచుమించు ఒకే బాణీని పట్టుకొని యుండినది. దానిని నేను తప్పుపట్టను. వారి మనస్సు కది చాలినది.

అభిమానుల దుఃఖము బూటకమనియు నేననుటలేదు. పదునైదేండ్ల ప్రాయమున విన్న ఆల్బము ఆనాటి వసతిగృహపు గదితో, స్నేహితులతో, రాత్రులతో ముడివడిపోవును. బృందము ముందుకు సాగిపోయినప్పుడు ఆ గది తలుపును ఎవరో మూసినట్లు తోచును. కాని 1986 నాటి ఆల్బమును ఎవరును ఎత్తుకొనిపోలేదు; నేటికిని అదే విధముగా మ్రోగుచున్నది.

నన్ను నిజముగ బాధించునది వేరొకటి. 1991 నాటి ఆల్బముతో ఈ సంగీతమున ప్రవేశించిన చిన్న తరగతి బాలుని పెద్దవారు "నకిలీ శ్రోత" యని గేలిచేసి గోష్ఠినుండి వెడలగొట్టుదురు. ఆ బాలునికి 1984 నాటి దానిని వినిపించుటకు సుమారు నలుబదియేడు నిమిషములు చాలును. తరువాత ఏ పాటలో ఏ చోట తన చెవి ఒప్పుకొన్నదో, ఏ చోట ఒప్పుకొనలేదో వానినే చెప్పనిండు.