నేల టిక్కెట్టు

మా కాలేజీ కుర్రవాళ్ళు పద్యం అప్పజెప్పమంటే నసుగుతారు గాని, కొత్త సినిమా టిక్కెట్టు ధర మాత్రం తడుముకోకుండా చెబుతారు. 2025 సెప్టెంబరులో 'ఓజీ' తొలి ఆటకు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం అనుమతించిన ధర అక్షరాలా వెయ్యి రూపాయలు!

రెండో కొసా మనం చూసిందే. 2021 ఏప్రిల్ ఉత్తర్వు ప్రకారం ఏసీ లేని పల్లెటూరి హాలులో అట్టడుగు తరగతి 5 రూపాయలు. ఆ డబ్బుకు బెజవాడలో మంచి టీ కూడా రాదు. హాళ్ళవారు గోలపెట్టారు, న్యాయమే. 2022 మార్చిలో దాన్ని 20 చేశారు. ప్రతి హాలులోనూ నాలుగోవంతు సీట్లు తక్కువ తరగతికి ఉంచాలన్నారు. భారీ చిత్రాలకు మాత్రం తొలి పది రోజులూ పెంచుకోవచ్చునన్నారు. కిటుకంతా ఆ పది రోజుల్లోనే ఉంది.

కనుక గృహస్థులారా, పదకొండో రోజున వెళ్ళండి. భోంచేసి మరీ వెళ్ళండి. టిక్కెట్టు హాలు కిటికీ దగ్గరే కొనండి. ఫోనులో కొంటే పైన రుసుము. నూరు రూపాయలు దాటనివ్వకండి: 2025 సెప్టెంబరు 22 నుంచి నూరు వరకు పన్ను 5 శాతం, దాటితే 18.

ఈ సలహా మా ఆవిడకు నచ్చింది. ఆటో నడిపేవారి అబ్బాయి, మా విద్యార్థి ఒకడికి నచ్చలేదు. "పదకొండో రోజున ఈల వేస్తే పక్కవాడు వింతగా చూస్తాడు మాస్టారూ!" అన్నాడు.

నిజమే. వెనకటికి తెర ముందు నేలమీద కూర్చున్నవాడిదే మొదటి ఈల. కుర్చీవాడు వాడి వెనకే. ఆ నాలుగోవంతు సీట్లనయినా, ఎంత పెద్ద సినిమాకైనా, మొదటి ఆటనుంచీ మామూలు ధరకే అమ్మించాలని నేనంటాను.