బిందె అడుగున తెల్లపొర

ఎండలు ముదిరాయంటే మన గుడియాత్తంలో యిద్దరు ఆడవాళ్లు ఎదురుపడినప్పుడు మొదట వచ్చే మాట, "మీ వీధికి నీళ్లు వచ్చాయా అక్కా?" అన్నది. రెండవ మాట, "తాగేందుకు బాగున్నాయా, ఉప్పగా ఉన్నాయా?" అన్నది. మొదటి ప్రశ్నకు జవాబు మునిసిపాలిటీ వారి చేతిలో ఉన్నది. రెండవదానికి జవాబు కొంత మన చేతిలోనూ ఉన్నది గనుక, యీ నెల దానిని గురించి ముచ్చటించుకుందాము.

మన ఊరి గంగ కౌండిన్యానది. చిత్తూరు జిల్లా కొండల నుండి దిగి, మోర్దానా జలాశయం మీదుగా ఊళ్లోకి వచ్చి, పోయి పాలారులో కలుస్తుంది. ఆ పాలారు కర్ణాటకలో నందికొండల ప్రాంతాన పుట్టి, కుప్పం సీమ దాటి తమిళనాట ప్రవేశిస్తుంది. 2021 నవంబరులో వచ్చినట్లు వరద వస్తే ఊరు మునుగుతుంది. లేకుంటే ఏడాదిలో చాలా రోజులు మన కంటికి కనబడేది యిసుకే. మనం తాగే నీరు ఆ యిసుక క్రిందిది, గట్టి రాతి పగుళ్లలోనిది. వాననీరు అక్కడికి యింకి, చాలాకాలం నిలిచి, రాతిలోని కాల్షియం, మెగ్నీషియం కరిగించుకుని పైకి వస్తుంది. 2010ల దశకంలో మెట్టూరు నుండి కావేరి నీటిని వేలూరు వైపు ఊళ్లకు తెచ్చే ఉమ్మడి పథకం వచ్చింది గాని, బోరునీళ్ల అవసరం తీరలేదు. అందుచేత చాలా ఇళ్లలో కొళాయి నీళ్లకు ఒక బిందె, బోరునీళ్లకు ఒక బిందె, కొన్న క్యాను నీళ్లకు ఇంకొకటి. మూడు బిందెల కాపురం!

కాల్షియం, మెగ్నీషియం ఎక్కువగా కరిగి ఉన్న నీటినే కఠినజలం అంటారు. ఆ నీటిలో సబ్బు నురగ కట్టదు, తెట్టు కడుతుంది. కందిపప్పు ఎంతసేపు ఉడికించినా పలుకు పోదు. కాగు అడుగున పెచ్చు పేరుకుంటుంది. మనది లుంగీలు నేసే ఊరు. అద్దకం పని వారికి యీ బాధ మరీ బాగా తెలుసు. కఠినజలంలో కొన్ని రంగులు నూలుకు సమంగా పట్టవు.

మన దేశపు తాగునీటి ప్రమాణం (ఐ.ఎస్. 10500, 2012) ప్రకారం కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాముల లోపు ఉండాలి, వేరే నీరు దొరకని చోట 600 దాకా ఒప్పుకోవచ్చు. లెక్క వేసి చూడండి. 300 మిల్లీగ్రాముల కాఠిన్యం ఉన్న నీరు 20 లీటర్లు పట్టుకుంటే అందులో 6 గ్రాములు, అంటే సుమారు ఒక చెంచాడు సుద్దపొడి, మన ఇంటికి వచ్చినట్లు. బిందె అడుగున కనబడే తెల్లపొర అదే.

యీ సుద్ద వంటికి చేటా? ప్రపంచ ఆరోగ్య సంస్థ కాఠిన్యానికి ఆరోగ్యరీత్యా హద్దేమీ పెట్టలేదు. కాల్షియం మన ఎముకలకు కావలసినదే. మూత్రపిండాలలో రాళ్లు వస్తాయని చాలామంది భయపడుతున్నారు. రాళ్లకు ముఖ్యమైన కారణాలలో ఒకటి నీరు చాలినంత తాగకపోవడం. ఉప్పునీళ్లని ముఖం చిట్లించి రోజుకు రెండు గ్లాసులతో సరిపెట్టుకునేవారికే ఆ ముప్పు ఎక్కువ. ఇదివరకే రాళ్లు వచ్చినవారు మాత్రం డాక్టరు సలహా ప్రకారం నడుచుకోవాలి.

యీ భయం మీదనే కొందరి వ్యాపారం సాగుతున్నది. మా వీధికి ఆ మధ్య ఒక కుర్రవాడు నీళ్ల యంత్రాలు అమ్మేందుకు వచ్చాడు. రెండు గ్లాసులు పెట్టి, ఒకదానిలో బోరునీరు, ఇంకొకదానిలో తన యంత్రం నీరు పోశాడు. కరెంటు తగిలించిన కడ్డీలు రెంటిలోనూ ముంచాడు. నిమిషంలో బోరునీరు తుప్పురంగు తిరిగి మడ్డి తేలింది. యంత్రం నీరు తేటగా నిలిచింది.

"చూశారా అవ్వా! ఈ మురికేనా మీరు మనవలకు పోస్తున్నది?" అన్నాడు.

"నలభై ఏళ్లుగా తాగుతున్నాము నాయనా. మేమేమన్నా తుప్పు పట్టామా?" అన్నది పక్కింటి అవ్వ.

అందరూ నవ్వారు గాని, నవ్వుతూనే రెండు ఇళ్లవారు యంత్రానికి బయానా ఇచ్చేశారు. అసలు సంగతి యిది. ఆ కడ్డీలలో ఇనుము ఉంటుంది. నీటిలో లవణాలు ఉంటే కరెంటు పారుతుంది, ఇనుము కరిగి తుప్పుగా తేలుతుంది. ఆ మడ్డి కడ్డీది, నీటిది కాదు. యంత్రం నీటిలో లవణాలు చాలా తక్కువ గనుక కరెంటు అంతగా పారదు. ఆ తేటనీటిలోనే చిటికెడు ఉప్పు వేసి మళ్లీ కడ్డీలు ముంచమనండి. అదీ రంగు తిరుగుతుంది. ఇంకెవరైనా కడ్డీలతో మీ గడప తొక్కితే ముందు ఉప్పుడబ్బా తీయండి.

అయితే అవ్వగారి మాట కూడా సగమే నిజం. నలభై ఏళ్లు తాగామన్నది నీరు మంచిదనేందుకు రుజువు కాదు. కంటికి కనబడే సుద్ద కంటె కనబడనివాటితోనే అసలు జాగ్రత్త కావాలి.

మొదటిది ఫ్లోరైడు. నీటిలోని ఫ్లోరైడు వల్ల ఎముకలు వంకరపోయే జబ్బును మన దేశంలో మొదట గుర్తించి వ్రాసినది 1937లో, అప్పటి మద్రాసు రాజధానిలోని నెల్లూరు జిల్లాలో. తరువాత నల్లగొండ పేరు దేశమంతా తెలిసింది. లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకపోవడం మేలు, 1.5 దాటరాదు. నీరు తేటగానే ఉంటుంది, రుచికీ ఏమీ తెలియదు.

రెండవది నైట్రేటు. ఇంటి మురుగు గుంటల నుండి, పొలాల ఎరువుల నుండి భూమిలోకి దిగుతుంది. హద్దు లీటరుకు 45 మిల్లీగ్రాములు. పెద్దల కంటె పోతపాలు తాగే చంటిబిడ్డలకు దీనితో ప్రమాదం ఎక్కువ; రక్తం ప్రాణవాయువును మోయలేక బిడ్డ నీలి రంగు తిరగవచ్చు. బాలింతలున్న ఇళ్లవారికి ముఖ్యంగా మనవి: కాచితే క్రిములు చస్తాయి, కాఠిన్యం కొంత పెచ్చుగా దిగుతుంది, నైట్రేటు మాత్రం పోదు. నీరు ఆవిరై తగ్గిన కొద్దీ చిక్కబడుతుంది కూడా. బోరునీరు కాచాము గదా అని పరీక్ష లేకుండా పాలపొడి కలపవద్దు.

మూడవది తోళ్ల పరిశ్రమల కలుషం. మన చుట్టుపట్ల పేర్ణాంబట్టు, ఆంబూరు, వాణియంబాడి, రాణిపేటల సంగతి చెప్పనవసరం లేదు. వేలూరు పౌర సంక్షేమ వేదిక 1991లో వేసిన దావాలో సుప్రీం కోర్టు 1996 ఆగస్టు 28న తీర్పు చెప్పింది. ఆ ప్రాంతంలో సుమారు 35,000 హెక్టార్ల సాగుభూమి కొంతగానో పూర్తిగానో చెడిందన్న సంగతి అందులో ఉన్నది. కలుషితం చేసినవారే నష్టం భరించాలన్న సూత్రానికి మన జిల్లా కేసు కూడా దేశానికి దారి చూపింది. అయినా పని పూర్తికాలేదు; 2025 జనవరి 30న ఆ కోర్టే పాలారు గురించి మళ్లీ ఉత్తరువులు ఇవ్వవలసి వచ్చింది. ఆ నీటి ఉప్పు నాలుకకు తెలుస్తుంది, క్రోమియం తెలియదు.

మరి చేయవలసినదేమిటి? ముందు పరీక్ష, తరువాతనే ఖర్చు. తమిళనాడు నీటి సరఫరా, మురుగునీటి పారుదల బోర్డు వారికి జిల్లా ప్రయోగశాలలు ఉన్నవి; రుసుము కట్టి నీరు పరీక్ష చేయించుకోవచ్చు. సీసా ఎలా పట్టాలో ముందుగా అడిగి తెలుసుకోండి. కాఠిన్యం, ఫ్లోరైడు, నైట్రేటు, క్రిములు – యీ నాలుగూ తప్పక అడగాలి. వేసవిలో ఒకసారి, వానల తరువాత ఒకసారి చేయిస్తే మేలు. ఒకే బోరు వాడే ఇళ్లవారు కలిసి రుసుము పంచుకుంటే ఎవరికీ భారం కాదు. చేతిలో పట్టే చిన్న మీటరు నీటిలో కరిగినవాటి మొత్తాన్ని చెబుతుంది. అందులో ఏది మేలు, ఏది చేటు అన్నది చెప్పదు.

ఫ్లోరైడో, నైట్రేటో హద్దు దాటితే ఆర్.ఓ. యంత్రం కొనడం న్యాయమే. అది వదిలేసే నీటిని పారబోయక నేల కడిగేందుకు వాడుకోవాలి. ఉన్నది కాఠిన్యం ఒక్కటే అయితే అంత ఖర్చు అక్కరలేదు. బట్టలకు చాకలిసోడా, కాగు పెచ్చుకు చింతపండు పులుసో నిమ్మరసమో చాలు. చింతపండు పప్పులో మాత్రం పప్పు ఉడికిన తరువాతనే వేయాలి.

2003లో మన రాష్ట్రంలో ప్రతి ఇంటికీ వాననీటి గుంట తప్పనిసరి చేశారు. అప్పుడు తవ్విన గుంటలు మీ ఇంట బాగున్నవో, చెత్తతో పూడినవో ఒకసారి చూడండి. వాన నీరు మృదువైనది. అది భూమిలోకి ఇంకితే బోరునీటి ఉప్పు కొంత పలచబడుతుంది. మురుగు గుంట బోరుకు దగ్గరగా ఉంటే దాని సంగతి వానలకు ముందే చూసుకోవాలి. ఏటా గంగమ్మ శిరస్సు ఉత్సవానికి ఇల్లు కడిగి ముగ్గు వేస్తాము గదా. అదే వారంలో యీ రెండు గుంటలనూ శుభ్రం చేయించే అలవాటు పెట్టుకుంటే మరిచిపోయే ప్రసక్తి ఉండదు.

పరీక్ష చేయించినవారు తమ వీధి నీటి ఫలితాలను మాకు వ్రాసి పంపితే, వీధుల వారీగా పట్టిక తయారుచేసి యీ శీర్షికలోనే అచ్చువేస్తాము.