పిట్టల్ని చూడ్డానికి కొల్లేరే వెళ్ళాలా?

పక్షుల్ని చూడాలనుందని మన కాలేజీలో ఎవరైనా నోరు జారితే చాలు, మూడు సలహాలు తయారుగా ఉంటాయి. కొల్లేరు వెళ్ళు, పులికాట్ వెళ్ళు, నేలపట్టు వెళ్ళు. సలహా ఇచ్చేవాళ్ళలో ముప్పాతిక మంది ఆ మూడింటిలో ఒక్కటీ చూడనివాళ్ళే. నేనూ చూడలేదు. మెస్ బిల్లు కట్టడానికి ఇంటి దగ్గర ధాన్యం అమ్ముడయ్యే దాకా ఆగే నాలాంటివాడికి అవి ఉద్యోగం వచ్చాక చూడవలసిన ఊళ్ళు. కాని రెండు శీతాకాలాలుగా ఆదివారాలు విశాఖ నుంచి భీమిలి దాకా రాళ్ళ తీరం వెంట తిరిగాక నాకు ఒక అభిప్రాయం గట్టిపడింది. మనకు రైలు టిక్కెట్టు అక్కర్లేదు, భీమిలి బస్సు చాలు.

ముందే ఒక సంగతి ఒప్పుకోవాలి. నా చిన్నతనం పిట్టల్ని చూడ్డంలో కాదు, తోలడంలో గడిచింది. గంటి చేలో మంచె, చేతిలో ఒడిసెల, పక్కన వాయించడానికి రేకు డబ్బా. రామచిలుక వాలితే మాకది అందం కాదు, నష్టం. 2018లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం పాలపిట్టకు బదులు రామచిలుకను రాష్ట్ర పక్షిగా ప్రకటించిందని పేపర్లో చదివి వినిపిస్తే, మా నాన్న "మేత కూడా గవర్మెంటే పెడతదేటి?" అన్నాడు. మొన్న ఇంటికి వెళ్ళి నా ఆదివారాల సంగతి చెప్తే ఇంకో మాటన్నాడు. "ఏట్రా గుంటడా, ఆటిని తోల్లేక నేనిక్కడ గొంతు సింపుకుంతంటే, నువ్వు సూడ్డానికి బస్సెక్కి ఎల్తన్నావా?" జవాబు చెప్పలేకపోయాను. ఈ వ్యాసం కొంతవరకు ఆ జవాబే.

మన తీరంలో ఉన్న విశేషం, తూర్పు కనుమలు నేరుగా సముద్రం దాకా రావడం. యారాడ కొండ దగ్గరా, ఋషికొండ దగ్గరా, మంగమారిపేట దగ్గరా కొండరాయి నీళ్ళలోకి దిగిపోయింది. అందువల్ల ఒకే చోట నిలబడి అటు తిరిగితే కొండ పిట్టలు, ఇటు తిరిగితే కడలి పిట్టలు. ఒట్టి ఇసుక తీరంలో ఈ సదుపాయం ఉండదు. ఆటు సమయంలో నీరు తగ్గి రాళ్ళు బయటపడతాయి. వాటి గుంటల్లో పీతలు, నత్తలు, నాచు. ఆ కంచం చుట్టూ కొంగలు, ఉల్లంకి పిట్టలు చేరతాయి. ఆటుపోట్ల వేళ రోజుకు సుమారు 50 నిమిషాలు వెనక్కి జరుగుతుంది కనుక పోయిన ఆదివారం టైము ఈ ఆదివారానికి పనికిరాదు. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో నీరు ఎక్కువ దూరం పోతుంది. అప్పుడు వెళ్ళడం మేలు. వేళ తెలియకపోతే మంగమారిపేట ఒడ్డున వల బాగుచేసుకుంటున్న ఏ జాలరినైనా అడగండి. నా ఫోను చెప్పిన లెక్క కంటే వాళ్ళ లెక్క నాకెక్కువసార్లు నిజమైంది.

పుస్తకాలన్నీ తెల్లవారుజామునే వెళ్ళమంటాయి. ఈ ఒక్క విషయంలో నేను పుస్తకాలతో ఏకీభవించను. మన సూర్యుడు సముద్రంలోంచి లేస్తాడు. పొద్దున్న నీటి వైపు చూస్తే ప్రతి పక్షీ నల్లటి బొమ్మే. కాలు ఎరుపో పచ్చో తేలదు. మొదటి నాలుగు ఆదివారాలు నేను అలాగే కళ్ళు చికిలించుకుని తిరిగొచ్చి, నోటుబుక్కులో "నల్లగా ఉంది" అని రాసుకున్నాను. బైనాక్యులర్స్ ఎరువిచ్చిన జువాలజీ మాస్టారు అది చూసి చాలాసేపు నవ్వారు. కాబట్టి నా పద్ధతి ఇది: పొద్దున్న కొండ, సాయంత్రం రాళ్ళు. ఎప్పుడూ ఎండ వీపున ఉండాలి.

పొద్దుటి కొండకు తొట్లకొండను మించింది నాకు తెలియదు. 1988 నుంచి 1993 దాకా జరిగిన తవ్వకాల్లో ఇక్కడ బౌద్ధ విహారం బయటపడింది. భిక్షువులు వాననీటి కోసం రాతిలో తొలిచిన తొట్ల వల్లనే కొండకు ఆ పేరు. అక్కడ గోడవారన కదలకుండా ఓ గంట కూర్చోండి. పిగిలిపిట్టలు, పసులపోలిగాళ్ళు వాటంతటవే దగ్గరికొస్తాయి. చలికాలంలో ఓ చిన్న డేగ గాలికి ఎదురుగా ఒకే చోట రెక్కలాడిస్తూ నిలబడుతుంది. అది కెస్ట్రెల్. గరుడపక్షి మాత్రం మనకంటే కిందుగా, తీరం వెంట పోతుంది. దాని ఇటుకరంగు వీపును పైనుంచి చూడగలగడం బల్లపరుపు తీరంలో కుదిరే పని కాదు. అదృష్టం బాగుంటే తెల్లపొట్ట సముద్రపు గద్ద కూడా. నాకు రెండు శీతాకాలాల్లో రెండుసార్లే కుదిరింది.

ఎర్రమట్టి దిబ్బల్లో తీతువు అరిస్తే వెంటనే ఆగండి. మా నాయనమ్మ తీతువు కూస్తే ఎవరో పోతారనేది. నిజానికి ఎండాకాలం మొదట్లో అది వట్టి నేల మీద, గులకరాళ్ళ మధ్య గుడ్లు పెడుతుంది. మన కాలు అటు పడుతోందని దాని గోల. ఫోటోల కోసం దిబ్బలెక్కే మిత్రులకు ఈ ఒక్క ముక్క తెలిసినా చాలు. యారాడ వైపు వెళ్ళేవాళ్ళకు ఇంకో ముక్క: నేవీ స్థలాల దగ్గర బైనాక్యులర్స్ సంచీలోనే ఉంచండి. ఒకచోట కాపలా మనిషికి పక్షిశాస్త్రం బోధించబోయి అరగంట ఎండలో నిలబడ్డాను.

చివరి మజిలీ భీమిలి, గోస్తనీ నది సముద్రంలో కలిసే చోటు. అక్టోబరు నుంచి మార్చి దాకా ఇసుక మేటల మీద సముద్రపు కాకులు బారులు తీరతాయి. వెనక్కి పోయే అల వెంట పరిగెత్తి, వచ్చే అలకు భయపడి పారిపోయే తెల్లటి చిన్న పిట్ట సాండర్లింగ్. ఉత్తర ధ్రువ ప్రాంతంలో గుడ్లు పెట్టుకుని చలికి ఇంత దూరం వస్తుంది. గంటి చేను మీద పడే పిట్టకూ దీనికీ ఉన్న తేడా ఏమిటంటే, ఇది మన దగ్గర ఒక్క గింజ అడగదు. నాన్నకు ఈసారి ఇదే చెప్పాలి.

ఇక నా ఫిర్యాదు. 2021లో మొదలైన తవ్వకాలతో ఋషికొండ ఎలా మారిందో మన బస్సు కిటికీలోంచే చూశాం. 2024లో ఎర్రమట్టి దిబ్బల్లో యంత్రాలు దిగితే పేపర్లు గగ్గోలు పెట్టాయి. అభివృద్ధి వద్దనను. మా ఊరికి రోడ్డు పడిననాడు నేనూ డప్పు కొట్టినవాణ్ణే. కాని కొండ పోతే దాంతో ఏయే పిట్టలు పోయాయో చెప్పడానికి మన దగ్గర జాబితా ఉందా? డిల్లన్ రిప్లే, బ్రూస్ బీలర్, కె.ఎస్.ఆర్. కృష్ణరాజు కలిసి విశాఖ కనుమల పక్షుల మీద రాసింది 1987లో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ పత్రికలో వచ్చింది. ఇలాంటి జాబితా ఉంటేనే అప్పుడేముందో, ఇప్పుడేముందో పోల్చి చూడగలం. సముద్రం కనిపించే క్లాసురూముల్లో చదువుతున్న మనం తీరానికి ఆ మాత్రం లెక్క రాసిపెట్టలేమా? ఎమ్మెస్సీ పట్టా అక్కర్లేదు. తేదీ, చోటు, పిట్ట, ఎన్ని. నాలుగు గడుల నోటుబుక్కు చాలు. పేరు తెలియకపోతే మీ ఊళ్ళో దాన్నేమంటారో అదే రాయండి, మాస్టార్లు దిద్దుతారు.

సంక్రాంతి సెలవుల తర్వాత నాన్న నన్ను దిగబెట్టడానికి వచ్చాడు. సాయంత్రం మంగమారిపేట తీసుకెళ్ళాను. రాతి మీద తోక ఊపుకుంటూ తిరుగుతున్న ఉల్లంకిని నేను బైనాక్యులర్స్‌లో వెతికేలోగా ఆయన వట్టి కంటితో పట్టేశాడు. "ఇది మన సెరువు గట్టు మీద పిట్టేరా. వరికోతలకి వొచ్చి ఎండలు ముదిరేకాడికి పోతాది." పుస్తకంలో అర పేజీ ఉన్న సంగతి అది. హిమాలయాల్లోనూ, ఇంకా ఉత్తరానా గూడు కట్టుకునే ఆ పిట్ట మన దగ్గర ఉండేది సరిగ్గా ఆ నెలల్లోనే. ఆ తర్వాత బైనాక్యులర్స్ ఆయన చేతిలోంచి నాకు తిరిగి రావడానికి చీకటి పడింది.

యూనియన్ మిత్రులకు ఒక మనవి. క్రికెట్ కిట్టు కొన్న ఏడాదే ఒక జత బైనాక్యులర్స్ కూడా కొనండి. పేరు రాసి, సంతకం పెట్టి తీసుకెళ్తాం. మాస్టారి జత కుడి కన్ను ఇప్పటికే మసకబారింది, అది నా చేతిలోనే జరిగింది.