కంచె లోపలి ఊళ్ళు

మావోయిస్టులకు వ్యతిరేకంగా ఛత్తీస్‌గఢ్‌లో సర్కారు అండతో నడిచిన సల్వాజుడుంను ఆపెయ్యమంటూ 2011 జూలై 5న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు తొలి పేజీల్లోనే జోసెఫ్ కాన్రాడ్ కనిపిస్తాడు. ఛత్తీస్‌గఢ్ వాదనలు వింటుంటే కాంగో నేపథ్యంగా ఆయన రాసిన ‘హార్ట్ ఆఫ్ డార్క్‌నెస్’ గుర్తొచ్చిందని జస్టిస్ సుదర్శన్ రెడ్డి, జస్టిస్ నిజ్జర్ రాశారు. అదుపులేని అధికారం చేతికొస్తే మనిషి ఎంతకు దిగజారతాడో చెప్పడానికి ఆ నవల పనికొచ్చింది. తీర్పుతో నాకు పేచీ లేదు, కాన్రాడ్‌తోనే. 1975లో మసాచుసెట్స్‌లో ఉపన్యసిస్తూ నైజీరియా రచయిత చినువా అచెబె ఆ నవలను ఉతికి ఆరేశాడు. అందులో ఆఫ్రికా ఉంది, ఆఫ్రికావాడికే నోరు లేదు. ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్ మీద మన రాతలూ చాలావరకు ఇంతే. ఎన్‌కౌంటర్ జరిగితేనే అక్కడి జగర్గుండా ఊరి పేరు అచ్చులో పడుతుంది.

జగర్గుండా గురించి ఆలోచించేటప్పుడు నాకు అక్కరకొచ్చేది కెన్యా రచయిత గూగీ వా థియాంగో. మౌ మౌ తిరుగుబాటుదారులకు తిండి అందకూడదని 1954 నుంచి బ్రిటిష్‌వాళ్ళు పది లక్షలమందికి పైగా కికుయూ తెగవాళ్ళను ఇళ్ళు ఖాళీ చేయించి కాపలా ఊళ్ళలోకి తోలారు. హాస్టల్ నుంచి సెలవులకు వచ్చిన గూగీకి ఇల్లు సరే, ఊరే లేదు. అలా వెలసిన కామిరీతూలోనే 1977లో రైతులూ కూలీలతో తమ భాషలో నాటకం ఆడించి జైలుకు పోయాడు. అక్కడ టాయిలెట్ కాగితాల మీద రాసిన నవలను వరవరరావు ఇక్కడి జైల్లో ఉండి ‘మట్టికాళ్ళ మహారాక్షసి’గా తెలుగు చేశారు.

జగర్గుండా ఒకప్పుడు చుట్టుపక్కల పల్లెలకు పెద్ద సంత. 2005లో జుడుం మొదలయ్యాక ముళ్ళకంచె లోపలి క్యాంపు అయింది. బియ్యం, ఉప్పు పోలీసు కాపలాతో రావాల్సి వచ్చేది. బడి 13 ఏళ్ళు మూతపడి 2019లో తెరుచుకుంది. కెన్యాలో కాపలా కాసిన హోంగార్డులూ కికుయూలే; ఇక్కడ నెలకు 3,000 రూపాయల గౌరవ వేతనానికి తుపాకీ పట్టిన ఎస్పీఓలూ (ప్రత్యేక పోలీసు అధికారులూ) ఆదివాసీ పిల్లలే. గూగీ అన్న ఒకడు అడవిలో ఉంటే, సవతి అన్న సర్కారు కొలువులో ఉన్నాడు. ఈ సంగతి జగర్గుండాకు పోయే దోర్నపాల్ దారిలో ఎవరికీ విడమరిచి చెప్పనక్కర్లేదు.

క్యాంపుకు పోలేక, అడవిలో నిలవలేక వేలమంది మిరప కోతలకు అలవాటైన దారిన ఇటు తెలుగు నేలకు దిగారు. భద్రాద్రి కొత్తగూడెం, ములుగు అడవుల్లో వాళ్ళను గొత్తికోయలంటున్నాం. ఛత్తీస్‌గఢ్‌లో వాళ్ళు షెడ్యూల్డ్ తెగ. సరిహద్దు దాటితే ఎస్టీ సర్టిఫికెట్ పుట్టదు. పోడు కొడితే అటవీశాఖ గుడిసెలు పీకుతుంది. గూగీని తెలుగులో చదువుకుని మురిసిన నేల ఇది.

అటవీ హక్కుల చట్టం గడువుగా గీసిన గీత 2005 డిసెంబరు 13. అక్రమంగా వెళ్ళగొట్టినవాళ్ళకు ప్రత్యామ్నాయ భూమి ఇవ్వమని అదే చట్టం అంటుంది, అదీ ఆ తేదీకి ముందు పోయినవాళ్ళకే. జుడుం ఊళ్ళు ఖాళీ చేయించడం ఆ తేదీ తర్వాతా ఆగలేదు. 2006లో ఇల్లు కాలినవాడికి ఈ గీత వర్తించకూడదని ఢిల్లీని అడగడానికి తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వాలకు ఏమిటి అడ్డం?