లా చదవబోయే ఏజెన్సీ తమ్ముళ్లకు, చెల్లెళ్లకు: కాలేజీ పేరు కాదు, నిలబడే కోర్టు చూసి ఎంచుకోండి

ఈ వేసవి అంతా మా ఫోన్లకు ఒకటే ప్రశ్న. "అన్నా, లా చేద్దామనుకుంటున్నా. ఏ యూనివర్సిటీ మంచిది?" ఉట్నూరు నుంచి అడుగుతున్నారు, ఏటూరునాగారం నుంచి అడుగుతున్నారు, చింతూరు, పాడేరు నుంచి కూడా. మేం ఇంటర్ చదివే రోజుల్లో మా హాస్టల్లో ఈ మాట ఎత్తినవాళ్లు లేరు. టీచర్ ట్రైనింగ్, నర్సింగ్, పోలీసు సెలక్షన్లు, అంతే. అందుకే ముందు సంతోషంగా ఉంది. కానీ ఇది ఒక్కొక్కరికి ఫోన్లో చెప్పి వదిలేసే జవాబు కాదు. ఉద్యమంగా మనం కూర్చుని ఆలోచించి చెప్పాల్సిన జవాబు.

మా మాట సూటిగా చెప్తున్నాం. యూనివర్సిటీ పేరు చూసి ఎంచుకోకండి. చదువు అయ్యాక ఏ కోర్టులో, ఎవరి పక్కన నిలబడాలనుకుంటున్నారో ముందు తేల్చుకోండి. కాలేజీ ఏదన్నది ఆ తర్వాత దానంతట అదే తేలుతుంది.

భూమి కేసు మీద స్పెషల్ డిప్యూటీ కలెక్టర్ కోర్టుకు ఎప్పుడైనా వెళ్లారా? మన పెద్దాయన పొద్దున మొదటి బస్సుకు వచ్చి, పాలిథిన్ కవర్లో పాత కాగితాలు పట్టుకుని వరండాలో కూర్చుంటాడు. ఎదుటి పక్షానికి పట్నం నుంచి వకీలు వస్తాడు. మన పక్షాన చాలాసార్లు ఎవరూ ఉండరు. వాయిదా పడిందని బంట్రోతు చెప్తే, మళ్లీ బస్సెక్కి ఇంటికి పోతాడు.

చట్టం మాత్రం ఆయన వైపే ఉంది. 1959 భూ బదలాయింపు నిబంధనను 1970లో సవరించారు. మనం 1/70 అనేది దాన్నే. ఏజెన్సీలో గిరిజనేతరుడి చేతిలో ఉన్న భూమి గిరిజనుడి నుంచే వచ్చిందని ఆ చట్టం ముందుగానే భావిస్తుంది. కాదని నిరూపించుకోవాల్సిన బరువు గిరిజనేతరుడిది. ఈ ఒక్క ముక్క గట్టిగా చెప్పే మనిషి లేక, మన పెద్దాయనే రుజువుల కోసం ఆఫీసుల చుట్టూ తిరుగుతున్నాడు. పోడు సంగతీ అంతే. 2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం క్లెయిమ్ తిరస్కరిస్తే పై కమిటీకి అప్పీలు పెట్టుకోవచ్చు, దానికి గడువు 60 రోజులు. అప్పీలు ఉందని తెలిసేలోపే గడువు దాటిపోతుంది.

ఇది కింది కోర్టు సంగతి. పైకి చూడండి. 1997 జులై 11న సుప్రీంకోర్టు సమత తీర్పు ఇచ్చింది. షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రభుత్వ భూమిని సైతం గనుల కోసం ప్రైవేటు కంపెనీలకు లీజుకివ్వడం చెల్లదని చెప్పింది. ఆ తీర్పు ఇప్పటికీ మనకు కంచె. 2020 ఏప్రిల్ 22న, లాక్‌డౌన్‌లో మనం ఊళ్లు దాటలేని రోజుల్లో, అదే సుప్రీంకోర్టు జీవో 3ను కొట్టేసింది. షెడ్యూల్డ్ ప్రాంతాల టీచర్ పోస్టులు నూటికి నూరు స్థానిక గిరిజనులకే అని 2000లో వచ్చిన జీవో అది. డీఎడ్, బీఎడ్ చేసి ఎదురుచూస్తున్న మన అక్కలు, అన్నలు ఆ వార్త వాట్సాప్‌లో చదువుకున్నారు. మనల్ని నిలబెట్టిన తీర్పు, మనల్ని పడగొట్టిన తీర్పు, రెండూ ఢిల్లీలో ఇంగ్లీషులో రాసినవే.

అంటే మనకు రెండు రకాల వకీళ్లు కావాలి. భద్రాచలంలో, రంపచోడవరంలో వాయిదా వాయిదాకీ నిలబడేవాళ్లు ఒకరు. హైకోర్టు, సుప్రీంకోర్టుల్లో ఐదో షెడ్యూల్ మీద వాదించేవాళ్లు ఒకరు. ఒకరు ఎక్కువ, ఒకరు తక్కువ కాదు. కింద రికార్డు సరిగ్గా తయారు కాకపోతే పైన ఎంత గొప్ప లాయర్ అయినా చేసేదేం లేదు.

మొదటి దారి లాసెట్. ఇంటర్ అయ్యాక ఐదేళ్ల కోర్సు, డిగ్రీ అయ్యాక మూడేళ్ల కోర్సు. 120 ప్రశ్నలు, 90 నిమిషాలు, పేపర్ తెలుగులో కూడా ఉంటుంది. అర్హతకు 35 శాతం మార్కులు కావాలి, ఎస్టీలకు ఆ కనీస మార్కు నిబంధన లేదు. ఉస్మానియా, కాకతీయ, విశాఖలోని ఆంధ్రా యూనివర్సిటీ అంబేడ్కర్ లా కాలేజీ, వీటిలో సీటు వస్తే వదులుకోవద్దు. ఫీజు భరించగలిగినది. లైబ్రరీ ఉంటుంది. సీనియర్లు దొరుకుతారు. అన్నిటికన్నా ముఖ్యం, కోర్టు దగ్గర్లో ఉంటుంది. సాయంత్రం ఎవరో ఒక సీనియర్ అడ్వకేట్ ఆఫీసులో కూర్చుని ఫైళ్లు చూడొచ్చు. చింతూరు, కూనవరం, వీఆర్ పురం పిల్లలకు ఒక మాట: మీకు భద్రాచలం పక్కనే ఉన్నా 2014 నుంచి రాష్ట్రం వేరు. రెండు రాష్ట్రాల లాసెట్లు వేర్వేరు. అప్లికేషన్ పెట్టే ముందే మీ లోకల్ సర్టిఫికెట్ సంగతి తేల్చుకోండి.

రెండో దారి క్లాట్. హైదరాబాద్‌లో నల్సార్, విశాఖ దగ్గర సబ్బవరంలో దామోదరం సంజీవయ్య లా యూనివర్సిటీ, దేశమంతటా ఇంకా చాలా. ఇక్కడ పేపర్ ఇంగ్లీషులోనే. పెద్ద పెద్ద పేరాలు చదివి జవాబు పెట్టాలి, తప్పు జవాబుకు పావు మార్కు పోతుంది. ఆశ్రమ పాఠశాలలో చదివిన పిల్లకు ఇది కష్టం. కష్టం అంటే తెలివి లేక కాదు. ఇంట్లో కోయ, బడిలో తెలుగు, పరీక్షలో ఇంగ్లీషు. మూడో భాషలో గడియారంతో పరుగు పెట్టమంటున్నారు. అయినా "అది మనకు కాదులే" అనే మాటను మేం ఒప్పుకోం. ఆ ఎస్టీ సీట్లు మనవి. ఇంటర్ మొదటి ఏడాదిలోనే మొదలుపెట్టండి, రోజూ ఇంగ్లీషు పేపర్ ఒక పేజీ చదవండి. ఫీజు లక్షల్లో ఉంటుందని చూసి వెనక్కి రాకండి. ఎస్టీ విద్యార్థుల పైచదువులకు కేంద్ర గిరిజన మంత్రిత్వ శాఖ స్కాలర్‌షిప్ ఉంది. మీ కాలేజీ ఆ జాబితాలో ఉందో లేదో చేరకముందే చూసుకోండి.

అక్కడ చేరాక ఇంకో కష్టం ఉంటుంది, దాచకుండా చెప్తాం. మొదటి ఏడాది ఒంటరితనం. ర్యాంకు ఎంత అని అడిగి నవ్వేవాళ్లు ఉంటారు. వెనక్కి వచ్చేద్దామనిపిస్తుంది. అప్పుడు ఇంటికి కాదు, ముందు మనవాళ్లకు ఫోన్ చేయండి. చదువయ్యాక కంపెనీ ఉద్యోగం వస్తే చేరడం ద్రోహం కాదు. ఇంటి అప్పు తీర్చుకునే హక్కు మన పిల్లలకూ ఉంది. మీకు తెలిసిన చట్టం ఊరికి అందుతూ ఉంటే చాలు.

మూడో దారి గురించి హెచ్చరిక. "క్లాసులకు రానక్కర్లేదు, డబ్బు కట్టు, పరీక్షలకు వస్తే చాలు" అని ఊళ్లలోకి ఏజెంట్లు వస్తున్నారు. మా మండలంలోనే ఒక తమ్ముడు ఎడ్లు అమ్మి కట్టాడు. చేతికి కాగితం వచ్చింది. పిటిషన్ రాయడం రాదు. ఇప్పుడు కోర్టు వైపు వెళ్లడానికే సిగ్గుపడుతున్నాడు. బార్ కౌన్సిల్ నిబంధనల ప్రకారం 70 శాతం హాజరు ఉండాలి. దూరవిద్యలో చేసిన ఎల్ఎల్‌బీతో వకీలుగా ఎన్‌రోల్ కాలేరు. కాలేజీకి బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా గుర్తింపు ఈ ఏడాదికి ఉందో లేదో చూడకుండా ఒక్క రూపాయి కూడా కట్టొద్దు.

చేరే ముందు కాలేజీకి వెళ్లి నాలుగు సంగతులు కనుక్కోండి. ఎస్టీ హాస్టల్లో సీటు ఉందా, ముఖ్యంగా ఆడపిల్లలకు? క్లాసులు నిజంగా జరుగుతున్నాయా? లీగల్ ఎయిడ్ క్లినిక్ పేరుకేనా, పని చేస్తోందా? పీసా, అటవీ హక్కులు, ఐదో షెడ్యూల్ చెప్పే మేడమో సారో ఎవరైనా ఉన్నారా? జవాబు ఆఫీసులో కాదు, చెట్టు కింద కూర్చున్న సీనియర్లను అడగండి. ఇంటర్న్‌షిప్ మూడేళ్ల కోర్సులో కనీసం 12 వారాలు, ఐదేళ్ల కోర్సులో 20 వారాలు చేయాలి. అందులో కొన్ని వారాలైనా మన భూమి కేసులు నడిచే కోర్టు దగ్గర చేయండి. ఎన్‌రోల్‌మెంట్ ఫీజుకు కూడా భయపడకండి. ఎస్టీలకు చట్టం పెట్టినది 125 రూపాయలే, అంతకు మించి వసూలు చేయొద్దని 2024 జులై 30న సుప్రీంకోర్టు చెప్పింది.

ఇక ఉద్యమంగా మన తప్పు కూడా ఒప్పుకోవాలి. ధర్నాకు పిల్లల్ని పిలిచాం, జెండా చేతికిచ్చాం. లాసెట్ అప్లికేషన్ చివరి తేదీ ఎప్పుడో మాత్రం చెప్పలేదు. ఆ ఖాళీలోకే ఏజెంట్లు వచ్చారు. ఈ ఏడాది నుంచి ప్రతి మండల కమిటీ లా చదవాలనుకునే పిల్లల పేర్లు రాసుకోవాలి. కులం, ఆదాయం, లోకల్ సర్టిఫికెట్లు ముందే తీయించాలి. కౌన్సెలింగ్‌కు ఒక సీనియర్ తోడు వెళ్లాలి. ప్రభుత్వాన్ని అడగాల్సినవి కూడా ఉన్నాయి: క్లాట్ పేపర్ తెలుగులో కావాలి, ప్రతి ఐటీడీఏలో లాసెట్, క్లాట్ శిక్షణ కావాలి, కొత్త వకీళ్లు మొదటి మూడేళ్లు నిలదొక్కుకోవడానికి స్టైపెండ్ కావాలి.

కోర్టులో మన అవ్వ కోయలోనో, గోండిలోనో, కువిలోనో చెప్పిన మాట తెలుగులోకి, తెలుగు నుంచి ఇంగ్లీషులోకి వెళ్లేసరికి పొలం హద్దే మారిపోతోంది. ఆ మాటను ఉన్నదున్నట్టు మోసే మనిషి మన ఇంటి నుంచే రావాలి. కొమురం భీం జల్ జంగల్ జమీన్ అన్నాడు. ఆ మూడూ ఇప్పుడు ఫైళ్లలో ఉన్నాయి. ఆ ఫైలు విప్పి చదవగలిగే చదువు ఎక్కడ దొరుకుతుందో అదే మీ యూనివర్సిటీ.

అప్లికేషన్ పెట్టేవాళ్లు కింద మీ మండలం పేరు రాయండి. మీ దగ్గర్లోని సీనియర్ ఎవరో మేం చెప్తాం.

జై ఆదివాసీ.