పాత రైఫిలు - క్రొత్త బాధ్యత

తుపాకి యన్న మాట వినగానే ఇంటిలోని పెద్దలు మొగము చిట్లింతురు. పిల్లలు కన్నులు పెద్దవి చేయుదురు. రెండును సహజములే. పూర్వ యుద్ధములనాటి రైఫిళ్ల నమూనాలను, అనగా గుండు కాల్చుటకు పనికిరాని ప్రతిరూపములను సేకరించి, తుడిచి, నూనె రాచి కాపాడుట పలు దేశములందు ఒక అభిరుచిగా నెలకొనియున్నది. మన విద్యార్థులలో కొందరికిని ఈ కోరిక కలుగుట సహజము. "చంపెడు సాధనమును ముచ్చటపడి దాచుకొనుటయా?" యని తల్లిదండ్రులు అడిగినచో ఆ ప్రశ్నను తేలికగా త్రోసివేయరాదు. మా అభిప్రాయ మిది: చరిత్ర జ్ఞానము, చేతి శ్రద్ధ, చట్టమునెడ గౌరవము - ఈ మూడింటితో కూడిన సేకరణము విద్య యగును. ఇవి లేనిచో అది ప్రమాదకరమైన ఆట మాత్రమే.

ముందుగా వస్తువు నెరుగుదము. మన దేశమున జనులు ఎక్కువగా చూచినది 303 రైఫిలు. దాని అసలు పేరు లీ ఎన్‌ఫీల్డు. లీ యనునది దాని యంత్రభాగమును కల్పించిన జేమ్సు పారిస్ లీ పేరు. ఎన్‌ఫీల్డు లండనునకు ఉత్తరమున ప్రభుత్వ ఆయుధ కర్మాగార ముండిన చోటు. బ్రిటిషు సైన్యము 1907లో స్వీకరించిన రకమే బెంగాలులోని ఇషాపూరు కర్మాగారమందును తయారయ్యెను. అంగుళమును వేయి భాగములు చేసినచో అందు 303 భాగములు దాని గొట్టపు లోవెడల్పు. బరువు సుమారు 4 కిలోలు.

దాని పనితీరు మన తలుపు గడియను పోలినది. పిడిని పైకెత్తి వెనుకకు లాగినచో కాలిన తూటా గుల్ల బయట పడును; ముందుకు త్రోసి క్రిందికి దింపినచో క్రొత్త తూటా గొట్టములో చేరి గడియ పడును. ప్రతి గుండునకును మనిషి చేయి ఈ పని చేయవలసినదే. జర్మనుల మౌజరు రైఫిలులో 5 తూటాలు పట్టగా, దీనిలో 10 పట్టును. బాగుగా శిక్షణ పొందిన సిపాయి నిమిషమునకు గురి తప్పక 15 గుండ్లు కాల్చవలెనని నాటి బ్రిటిషు సైన్యపు నియమము.

ఇంతమాత్రము తెలిసినచో యంత్రము తెలిసినట్లే గాని, చరిత్ర తెలిసినట్లు కాదు. 1914 సెప్టెంబరు చివర మన సిపాయిలు ఫ్రాన్సు దేశపు మార్సెయిల్సు రేవున దిగిరి. వారి పాత రైఫిళ్లను అచటనే తీసికొని ఈ క్రొత్త రకమును చేతి కిచ్చిరి. కొన్ని వారములలోనే వారు, ఎరుగని దేశమున, ఎరుగని చలిలో, ఇంకను చేతికి అలవడని ఆయుధముతో యుద్ధమున నిలువవలసి వచ్చెను. ఆ మహాయుద్ధమున పదిలక్షలకు పైగా భారతీయులు సముద్రములు దాటిపోయిరి. 1931లో ఆవిష్కృతమైన ఢిల్లీలోని ఇండియా గేటుపై 13 వేలకు పైగా పేర్లు చెక్కబడియున్నవి. అచట చెక్కబడని పేర్లు అంతకంటె ఎన్నియో రెట్లు. 1962లో హిమాలయములందు చైనా సేనల యాంత్రిక ఆయుధములకు ఎదురుగా మన జవానుల చేతిలో నుండినదియు ఈ గడియ రైఫిలే. ఉత్తరప్రదేశ్ పోలీసులు దీనికి వీడ్కోలు పలికినది 2020 జనవరిలో. గోడపై నమూనాను చూచునపుడు ఈ కథ స్మరణకు రానిచో, అది కొయ్యయు లోహమును మాత్రమే.

ఇక కాపాడుట. అసలు రైఫిలు మడమలో ఒక చిన్న అర యుండును. అందు నూనె సీసాయు, గొట్టము తుడుచు త్రాడును ఇమిడియుండును. ఆహారమునకు ముందు ఆయుధమును తుడుచుకొనుట సిపాయికి నేర్పిన క్రమశిక్షణ. నమూనాకును ఆ శ్రద్ధయే తగును. చేతి చెమటలోని ఉప్పు ఉక్కును తినివేయును. కావున ముట్టిన పిమ్మట మెత్తని గుడ్డతో తుడిచి పలుచగా నూనె రాయవలెను. తోలు సంచిలో దాచరాదు. తోలు తేమను పట్టియుంచును. జింకు మిశ్రలోహముతో పోసిన నమూనాల గడియను బలవంతముగా లాగినచో చిన్న భాగములు విరుగును; గరుకు పొడితో రుద్దినచో పైపూత పోవును. కొయ్యకు అవిసెనూనె మేలు. కాని ఆ నూనె గుడ్డలను ముద్దగా చుట్టి మూల పడవేయరాదు. అవి వేడెక్కి తమంతట తామే అంటుకొనవచ్చును. పరచి ఆరనీయవలెను.

తల్లిదండ్రుల భయమునకు ఇపుడు వత్తము. 2014లో అమెరికాలోని క్లీవ్‌లాండు నగరమున 12 ఏండ్ల బాలుడొకడు ఉద్యానవనములో నమూనా పిస్తోలుతో ఆడుకొనుచుండగా, అది నిజమైనదని తలచి పోలీసు కాల్చెను. బాలుడు మరణించెను. నమూనా యని తెలిసినది దానిని పట్టుకొన్నవానికి మాత్రమే, చూచువానికి తెలియదు. ఈ కారణముననే బ్రిటను 2006లో, నిజమైనవానివలె కనబడు నమూనాల అమ్మకమును చట్టముచే కట్టడి చేసి, ప్రదర్శనశాలలు, చలనచిత్రములు మొదలగువానికి మాత్రము మినహాయింపు నిచ్చెను. మన దేశమున 1959 నాటి ఆయుధముల చట్టమును, 2016 నాటి నియమములును కలవు. పెద్దలు పోలీసు ఠాణాలో విచారింపక ఏ వస్తువును కొనరాదు. కాల్చలేనిదైనను మనిషి వైపు గురిపెట్టరాదు, వీథిలోనికి తీసికొనిపోరాదు, చేత పట్టగానే గడియ తెరచి లోపల చూడవలెను. ఈ నియమములు పాటింపలేని వానికి ఆ నమూనా తగదు.

విద్యార్థులారా, కొనుటకు తొందరపడకుడు. చెన్నపట్టణపు సెయింటు జార్జి కోటలోని ప్రదర్శనశాలయందును, హైదరాబాదు సాలార్జంగు ప్రదర్శనశాలయందును పాత ఆయుధములు చూడవచ్చును. ఎన్.సి.సి.లో చేరినవారికి క్రమశిక్షణతో రైఫిలు పట్టుట నేర్పుదురు. ఇంకొక సేకరణము మీ ఇంటనే కలదు. పదునెనిమిదవ శతాబ్దిలో కంపెనీ సైన్యమున చేరి ఉత్తరమునకు పోయిన తెలుగు సిపాయిలను బట్టి, అచట సిపాయి కెల్ల "తిలంగా" యను పేరు వచ్చెను. పేరు నిలిచినది; మనుష్యులు మరపునకు వచ్చిరి. మన కుటుంబములు జన్మస్థానమును వదలి పరభాషల నడుమ స్థిరపడినవి. వాటిలో సైన్యమునకు పోయినవారు ఎందరో మన కెరుక లేదు. మీ తాతగారి ట్రంకుపెట్టె అడుగున ఒక పతకమో, విడుదల పత్రమో, తెలుగున వ్రాసిన జాబో యుండవచ్చును. వారిని అడిగి, వారు చెప్పినది తెలుగులో వ్రాసియుంచుడు. తుప్పు ఇనుమునకు మాత్రమే కాదు, జ్ఞాపకమునకును పట్టును. దానిని తుడుచు గుడ్డ మీ చేతిలోనే యున్నది.